ఓడరేవు రాకముందే పాత బందరు వీధులను నమోదు చేయండి

గౌరవనీయులైన సంపాదకుల వారికి నమస్కారాలు.

తీరప్రాంత పర్యాటకం గురించి మీ పత్రికలో కొంతకాలంగా వస్తున్న వార్తలను శ్రద్ధగా చదువుతున్నాను. ఇసుక తీరాల గురించి, అతిథి గృహాల గురించి, పడవ షికార్ల గురించి వివరంగా రాస్తున్నారు, సంతోషం. అయితే ఆ తీరాన్నే ఆనుకుని నాలుగైదు వందల ఏళ్ళుగా ఉన్న ఊళ్ళ గురించి, ఆ ఊళ్ళలో ఈనాటికీ నిలిచి ఉన్న ఇళ్ళు, గిడ్డంగులు, గుళ్ళు, మసీదులు, చర్చిలు, సమాధుల గురించి ఒక్క మాటైనా కనబడకపోవడం నాకు బాధ కలిగించింది. బందరులో ఓడరేవు పనులు మళ్ళీ సాగుతున్న ఈ రోజుల్లో ఆ మాట ఎవరో ఒకరు అనకపోతే, రేవు తయారై లారీలు తిరిగే నాటికి చెప్పుకోవడానికి అక్కడ ఏమీ మిగలదన్న భయంతో ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను ముప్పై ఏళ్ళకు పైగా ప్రభుత్వంలో సివిల్ ఇంజినీరుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. చరిత్రకారుణ్ణి కాను. కాని గోడను చూస్తే అది దేనితో కట్టిందో, ఎందుకు పగిలిందో చెప్పగలను. ఆ కంటితోనే నేనూ మా ఆవిడా కిందటి శీతకాలంలో పులికాట్ నుంచి తమిళనాడులోని తరంగంబాడి దాకా తీరం వెంట ఆగుతూ, ఊరూరా కొన్ని రోజులుంటూ ప్రయాణం చేశాం. దక్షిణాన చూసింది చూశాక మన ఊరి వీధుల్లోకి మళ్ళీ అడుగుపెడితే, అంతవరకూ కంటికి ఆనని సంగతులు చాలా కనిపించాయి.

మొదట బందరు సంగతే చెప్తాను. ఊళ్ళో వలందపాలెం ఉంది, పరాసుపేట ఉంది, ఇంగ్లీషుపాలెం ఉంది. ఈ మూడు పేర్లూ రోజూ వేలమంది నోట్లో నలుగుతాయి, ఆటోల వాళ్ళు కేకలేసి పిలుస్తారు, పెళ్ళి శుభలేఖల మీద అచ్చవుతాయి. వలందాలంటే హాలండు దేశస్థులు, పరాసులంటే ఫ్రెంచివారు, మూడోది చెప్పనక్కరలేదు. డచ్చివారు 1606 ప్రాంతంలో, ఇంగ్లీషువారు 1611లో, ఫ్రెంచివారు 1669లో ఇక్కడ వర్తకశాలలు తెరిచారు. అప్పటికి ఇది గోలకొండ కుతుబ్‌షాహీల ప్రధాన రేవు. తూర్పు దీవుల్లో జాజికాయ, లవంగం కొనాలంటే అక్కడివాళ్ళు వెండి కన్నా ఎక్కువగా అడిగింది మన తీరపు గుడ్డనే. అందుకని సుగంధ ద్రవ్యాల కోసం బయల్దేరిన ఓడలన్నీ ముందు మన రేవుల్లో ఆగి గుడ్డ ఎక్కించుకునేవి. ఇప్పటికీ పెడనలో కరక్కాయ నీళ్ళలో తడిపి ఆరేసిన గుడ్డ మీద చెక్క అచ్చులతో అద్దే కలంకారీ, ఆ వర్తకంలో మిగిలిన బతికున్న ముక్క.

మూడు దేశాల వారి పేర్లు మన పేటల పేర్లుగా ఉండిపోయాయి గాని, ఆ పేటల మొదట్లో ఆ పేరు ఎందుకొచ్చిందో చెప్పే పలక నేను తిరిగినంతలో ఒక్కటీ కనబడలేదు. గిలకలదిండి వైపు బందరుకోటలో మిగిలిన పాత కట్టడాల గోడల్లోంచి రావి వేళ్ళు దిగి ఇటుకల వరసలను విడదీస్తున్నాయి. డచ్చివారి సమాధుల మీద చెక్కిన వంశ చిహ్నాలు, అక్షరాలు ఎంత పొందికగా ఉంటాయో దగ్గర కూర్చుని వేలితో తడిమి చూస్తే గాని తెలియదు. నేను వెళ్ళిన రోజు ఒక కుర్రవాడు వచ్చి, "ఇవి ఎవరివండీ?" అని అడిగాడు. వాడిది ఆ పక్క వీధే. వాణ్ణి తప్పు పట్టను, వాడికి ఎవరూ చెప్పలేదు.

ఈ రేవుకు దెబ్బ ఎలా తగిలిందో కూడా ఆ వీధుల్లోనే రాసి ఉంది. 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన ఊరి మీద పడి సుమారు 30,000 మంది చనిపోయారని లెక్కలు చెప్తున్నాయి. ఆ దెబ్బ నుంచి బందరు తేరుకోలేదు. వ్యాపారం ఇతర రేవులకు తరలిపోయింది, మేటలు వేసిన పాయలు ఓడలను దగ్గరికి రానీయలేదు. అసలు కోరమండల తీరంలో సహజమైన రేవు ఎక్కడా లేదు. ఓడ ఒడ్డుకు దూరంగా లంగరు వేస్తే, మేకులు లేకుండా కొబ్బరి తాళ్ళతో పలకలను కుట్టిన మసూలా పడవల్లో సరుకును అలల మీదుగా ఒడ్డుకు చేర్చేవారు. మేకుతో బిగించిన పడవ అల కొట్టుడుకు పగులుతుంది, తాడుతో కుట్టింది ఒంగి తట్టుకుంటుంది. ఇంత తెలివి మన బెస్తవారి చేతుల్లో ఉండబట్టే నాలుగు దేశాల కంపెనీలు ఇక్కడ వర్తకం చేయగలిగాయి.

పరాయి కంపెనీల మాట వచ్చింది కాబట్టి, వాటికన్నా మూడున్నర శతాబ్దాల ముందుది ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. చినగంజాం దగ్గరి మోటుపల్లిలో వీరభద్రస్వామి ఆలయం దగ్గర కాకతీయ గణపతిదేవుడు 1244–45లో వేయించిన అభయశాసనం ఉంది. తుఫానుకు ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన వర్తకుల సొత్తును అంతకుముందు రాజులు తమదిగా లాక్కునేవారు. ఇకమీదట అలా చేయబోమని, న్యాయమైన సుంకం మాత్రమే తీసుకుంటామని, సముద్రం దాటి వచ్చినవాడికి భయం అక్కర్లేదని ఆ శాసనం మాట ఇస్తోంది. సర్వస్వం పోగొట్టుకుని తడి బట్టలతో ఒడ్డున నిలబడ్డ మనిషికి ఒక రాజు రాతి మీద రాసి ఇచ్చిన అభయం అది. తర్వాతి శతాబ్దంలో రెడ్డిరాజు అనపోతారెడ్డి కూడా ఆ రేవు వర్తకులకు అదే తీరున శాసనం ఇచ్చాడు. తెలుగు నేల మీద ఇంతకన్నా గర్వించదగిన రాయి నాకు తెలియదు. దాన్ని చూడటానికి బడిపిల్లల బస్సు ఒక్కటైనా ఏటా వెళ్తోందా?

ఇక దక్షిణానికి వస్తాను. పులికాట్‌ను మన పెద్దవాళ్ళు ప్రళయకావేరి అనేవారు. సరస్సులో ఎక్కువ భాగం మనదే, ఊరు తమిళనాడుది. డచ్చివారు 1610లో విజయనగర ప్రభువు వేంకటపతిరాయల దగ్గర అనుమతి తీసుకుని, 1613లో ఇక్కడ గెల్‌డ్రియా కోట కట్టారు. 1690లో నాగపట్టణానికి మారేదాకా కోరమండలంలో వాళ్ళ ముఖ్యస్థానం ఇదే. కోటలో ఈనాడు ముళ్ళపొదలు తప్ప చూడటానికి దాదాపు ఏమీ లేదు. కాని సమాధుల తోట మాత్రం చక్కగా ఉంది. ద్వారం దగ్గర రాతిలో చెక్కిన రెండు అస్థిపంజరాలు నిలబడి ఉంటాయి. మా ఆవిడ మొదట జంకి, తర్వాత వాటి పక్కటెముకలను లెక్కపెడుతూ చాలాసేపు అక్కడే నిలబడిపోయింది. కోట పోయి సమాధులు నిలవడానికి కారణం వెతకనక్కరలేదు. సమాధులకు ప్రహరీ ఉంది, రక్షిత కట్టడమన్న పలక ఉంది, చూసే మనిషి ఉన్నాడు.

చెన్నపట్నం గురించి తెలుగువారికి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. 1639లో ఇంగ్లీషు కంపెనీకి ఆ ఇసుకదిబ్బను ఇచ్చినవాడు దామెర్ల వేంకటాద్రి నాయకుడు, ఊరికి పేరు ఆయన తండ్రి చెన్నప్ప నాయకుడిది. సెయింట్ జార్జి కోటలోని సెయింట్ మేరీ చర్చిని మాత్రం ఇంజినీరైన ప్రతివాడూ ఒకసారి చూడాలి. 1680లో ప్రారంభమైన ఆ చర్చి పైకప్పులో కట్టె వాడలేదు, ఫిరంగి గుండు పడ్డా తట్టుకునేలా మందమైన ఇటుక కమానుగా తిప్పేశారు. మహాబలిపురం గురించి పుస్తకాలకు పుస్తకాలే ఉన్నాయి కాబట్టి నేను ఆగను. అయితే అక్కడ రాజసింహ పల్లవుడి తీరాలయం చుట్టూ సముద్రపు ఉప్పుగాలి రాతిని కూడా ఎలా తింటుందో చూసినవారికి, ఇటుకనూ సున్నాన్నీ ఎంత జాగ్రత్తగా చూసుకోవాలో వేరే చెప్పనక్కరలేదు.

పుదుచ్చేరిలో మేం నాలుగు రోజులున్నాం. అందరూ కాలువకు సముద్రం వైపున్న ఫ్రెంచి పేటలో పసుపు గోడల ముందు ఫొటోలు దిగి వెళ్ళిపోతారు. ఆ గళ్ళగళ్ళ వీధుల నక్షా 1693 నుంచి 1699 దాకా ఊరిని ఏలిన డచ్చివారి నాటిదని, 1761లో ఇంగ్లీషువారు ఊరంతా కూల్చాక పాత పునాదుల మీదే మళ్ళీ కట్టారని చదివి వెళ్ళాను. కాని నన్ను కట్టిపడేసింది కాలువకు ఇవతల, తమిళుల వైపున్న వైశ్యాళ్ వీధి. వీధి పొడుగునా ఇంటింటికీ మన అరుగు లాంటి తిణ్ణె, దాని మీద కట్టె స్తంభాలపై దించిన పెంకుల వసారా, ఒక ఇంటి వసారా ఆగినచోట పక్కింటిది అందుకుంటూ, వానలో కూడా మనిషి తడవకుండా చివరిదాకా నడిచిపోయేలా ఉంటుంది. ఆ వీధిలో ఒక్క ఇల్లు కూడా విడిగా చూస్తే గొప్ప కట్టడం కాదు. వీధి మొత్తం కలిసి గొప్పది.

ఆ వీధి దానంతట అది మిగల్లేదు. 2000 తర్వాత తొలి ఏళ్ళలో వారసత్వ కట్టడాలను కాపాడే ఇంటాక్ సంస్థ, స్థానిక ప్రభుత్వం, యూరోపియన్ యూనియన్ సాయంతో ఇళ్ళ ముఖభాగాలను ఒకదాని తర్వాత ఒకటి బాగుచేయించాయి. ఖర్చులో యజమాని వాటా కూడా ఉంది. అంటే ఇల్లు ఆయనదే, అందులో కాపురమూ ఆయనదే, వీధికి కనబడే గోడ మాత్రం అందరిదీ అన్న ఒప్పందం. 2008లో యునెస్కో ఆసియా-పసిఫిక్ వారసత్వ పురస్కారాల్లో ఆ వీధికి గుర్తింపు దక్కింది. అదే ఊళ్ళో ఇంకొకటి కూడా జరిగింది. సముద్రం ఒడ్డున ఫ్రెంచివారు 19వ శతాబ్దంలో కట్టిన మేరీ భవనం, అంటే పురపాలక కార్యాలయం, మరమ్మతు కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూసి 2014 నవంబరు వానల్లో కుప్పకూలింది. తర్వాత దాన్ని పాత నమూనాలోనే కొత్తగా కట్టారు. బాగా కట్టారు. అయినా కొత్త గోడ కొత్తదే. దాని ముందు నిలబడితే నాకు పదేళ్ళ ముందు చేయవలసిన మరమ్మతే గుర్తుకొచ్చింది.

తరంగంబాడి చిన్న ఊరు. కోట, రాజవీధి, రెండు చర్చిలు, ఒక నగర ద్వారం, ఒడ్డున శివాలయం. గంటలో ఊరంతా నడిచేయవచ్చు, మేం మూడు రోజులు నడిచాం. 1620లో డెన్మార్కువారికి ఇక్కడ కోట కట్టుకోవడానికి అనుమతి ఇచ్చినవాడు తంజావూరు రఘునాథ నాయకుడు. తెలుగులో కావ్యాలు రాసిన రాజు, తెలుగు కవులను పోషించిన రాజు ఇచ్చిన స్థలంలో డాన్స్‌బోర్గ్ కోట లేచింది. 1706లో ఇక్కడ దిగిన జర్మన్ మతప్రచారకుడు జీగెన్‌బాల్గ్ అచ్చుయంత్రం తెప్పించి 1715లో తమిళంలో కొత్త నిబంధన అచ్చువేశాడు, ఆయన 1718లో పూర్తిచేసిన చర్చి నేటికీ రాజవీధిలో నిలిచి ఉంది. ఆయన వెనుక ఇదే ఊరికి వచ్చిన బెంజమిన్ షుల్జ్ తెలుగు కూడా నేర్చుకున్నాడు. తిరిగి జర్మనీ వెళ్ళాక 1746లో హాలే నగరంలో తెలుగు లిపిలో చిన్న పుస్తకాలు అచ్చువేయించాడు. మన భాషలో అచ్చయిన తొలి పుస్తకాలు అవే. ఆ చర్చి మెట్ల మీద కూర్చుని ఈ సంగతి మా ఆవిడకు చెప్తే, తెలుగు అచ్చు చరిత్రకు మూలం ఇంత దూరాన ఉందా అని ఆశ్చర్యపోయింది.

1845లో డెన్మార్కు ఈ ఊరిని బెంగాల్‌లోని సెరంపూరుతో కలిపి ఇంగ్లీషు కంపెనీకి 12.5 లక్షల రూపాయలకు అమ్మేసింది. రేవు పోయింది, వర్తకం పోయింది. 14వ శతాబ్ది తొలినాళ్ళలో పాండ్యుల కాలంలో కట్టిన మాసిలామణినాథుడి గుడి ముందు భాగాన్ని అలలు తీసుకుపోయాయి. 2004 డిసెంబరులో సునామీ వచ్చి ఊరిని మరోసారి ముంచింది. ఆ తర్వాతే డెన్మార్కు నేషనల్ మ్యూజియం, ఇంటాక్, తమిళనాడు ప్రభుత్వం చేతులు కలిపి గవర్నర్ బంగళాతో మొదలుపెట్టి వీధిలో ఒక్కొక్క ఇంటినీ బాగుచేసుకుంటూ వచ్చాయి. అందులో నేను గమనించినది ఒకటుంది. పాత సున్నపు గోడలను వాళ్ళు సున్నంతోనే బాగుచేశారు.

ఇక్కడ నా సొంత విషయం ఒకటి చెప్పాలి. బందరుకు దగ్గరి పల్లెలో మా తాతగారు కట్టిన మండువా లోగిలి ఉండేది. గోడలు ఇటుక, గానుగ సున్నం. గుల్లలు కాల్చి తీసిన సున్నాన్ని నానబెట్టి, ఇసుకతో కలిపి, ఎద్దు తిప్పే రాతి గానుగలో వెన్నలా అయ్యేదాకా నూరి, బెల్లం నీళ్ళూ కరక్కాయ నీళ్ళూ కలిపి కట్టిన గోడలవి. తొంభైల్లో గోడ అడుగున పూత రాలుతోందని, నేను ఇంజినీరునే కదా అన్న ధీమాతో, బయటి గోడలన్నిటికీ సిమెంటు పూత వేయించాను. మూడు వానకాలాలు గడిచేసరికి పూత మీద మ్యాపుల్లాంటి మరకలు తేలాయి. ఊళ్ళో పెద్ద తాపీమేస్త్రి ఒకాయన వచ్చి తాపీ పిడితో గోడను తట్టి చూశాడు. డొల్ల శబ్దం వచ్చింది. అంచు పట్టి లాగితే పూత చాప ముక్కలా ఊడి వచ్చింది, దాని వెనక ఇటుక ముఖమంతా ఎర్రటి పిండిలా దానికే అంటుకుని వచ్చింది. "సున్నం చెమ్మ తాగుతుంది, ఎండలో కక్కేస్తుంది. సిమెంటు తాగదు, కక్కదు. ఇక ఆ ఉప్పు ఎటు పోతుంది బాబూ, ఇటుకనే తింటుంది" అన్నాడాయన. నేను కళాశాలలో చదివిన చదువులో ఈ మాట లేదు.

తర్వాత చదువుకుంటే అర్థమైంది. తీరంలో నేల నుంచి పైకెక్కే చెమ్మలో ఉప్పు ఉంటుంది. సున్నపు పూతలోంచి నీరు ఆవిరైపోతే ఉప్పు పైపూతలోనే చౌడులా పేరుకుంటుంది, పూత రాలుతుంది. నాలుగైదేళ్ళకోసారి పూత మార్చుకుంటే గోడ పదిలంగా ఉంటుంది. పూత రాలడం జబ్బు కాదు, గోడ బదులు పూత అరిగిపోవడం ఆ పద్ధతిలోనే ఉంది. దాని మీద సిమెంటు కప్పితే నీరు బయటికి రాలేక లోపలే ఆగుతుంది, ఉప్పు ఇటుక గర్భంలో గడ్డకట్టి దాన్ని పిండి చేస్తుంది. తాతగారి ఇల్లు చివరికి కూల్చక తప్పలేదు. బందరు, భీమిలి వీధుల్లో "బాగుచేసిన" పాత ఇళ్ళ గోడలను నేను తట్టి చూసిన చోటల్లా అదే డొల్ల శబ్దం వినిపించింది. ఆ యజమానుల తప్పేమీ లేదు. సున్నపు పని తెలిసిన మేస్త్రి దొరకడు, దొరికినా గానుగ లేదు.

ఉద్యోగంలో ఉండగా నేను చేసినది కూడా దాచను. రోడ్డు విస్తరణ కొలతలకు వెళ్ళినప్పుడు గోడల మీద ఎర్రగీతలు గీయించినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. అరుగులు ఆక్రమణల లెక్కలోకి వచ్చేవి. వందేళ్ళ కిందట వీధి కన్నా ముందే పుట్టిన అరుగు కూడా కొలతలో రెండడుగులు ముందుకొస్తే ఆక్రమణే. నేను పనిచేసిన శాఖలో దానికి వేరే పద్దు లేదు, ఆ ప్రశ్న అడగాలని నాకూ తోచలేదు. ఒక వీధిలో పెద్దావిడ ఒకరు అరుగు మీద పీట వేసుకుని కూర్చుని, పలుగు పడేదాకా లేవలేదు. ఆ వీధి ఇప్పుడు వెడల్పుగానే ఉంది. ఆ అరుగుల మీద సాయంత్రాలు కూర్చున్న జనం మాత్రం లేరు.

చట్టం ఏం చెప్తుందో కూడా పాఠకులు తెలుసుకోవాలి. కేంద్ర పురావస్తు శాఖ 1958 నాటి చట్టం కింద జాతీయ ప్రాముఖ్యం ఉన్న కట్టడాలను కాపాడుతుంది. 2010 సవరణతో రక్షిత కట్టడానికి 100 మీటర్ల దాకా కొత్త నిర్మాణం నిషేధం, ఆపైన 200 మీటర్లు నియంత్రణలో ఉంటాయి. రాష్ట్రానికి 1960 నాటి చట్టం వేరే ఉంది. ఈ రెండూ కోటకూ గుడికీ సమాధికీ ఉపయోగపడతాయి. మనిషి కాపురమున్న మండువా ఇల్లు, గుమాస్తా కూర్చున్న గిడ్డంగి, అద్దకం వాళ్ళ పెరడు, ఒక పేట పేరు, వీటిని పట్టించుకునే పని ఆ చట్టాలది కాదు. అది ఊరి ప్రణాళిక చేసేవారి పని. ముంబయి 1995లోనే నగర నిబంధనల్లో వారసత్వ భవనాల జాబితా చేర్చింది. మచిలీపట్నం పట్టణాభివృద్ధి సంస్థ, పురపాలక యంత్రాంగం తలుచుకుంటే మనకూ అది అసాధ్యం కాదు.

నేను కోరేది పెద్ద ఖర్చు పని కాదు. ఓడరేవు రోడ్ల కోసం, గిడ్డంగుల కోసం భూముల ధరలు ఇంకా పెరగకముందే, బందరులో వలందపాలెం, పరాసుపేట, ఇంగ్లీషుపాలెం నుంచి మొదలుపెట్టి, 80 ఏళ్ళు దాటిన ప్రతి ఇంటినీ ఫొటో తీసి, కొలిచి, సర్వే నంబరుతో సహా ఒక జాబితాలోకి ఎక్కించాలి. జాబితాలో ఉన్న ఇంటిని కూల్చాలంటే ఒక సంఘం చూసి అనుమతి ఇవ్వాలి, ఆ సంఘంలో ఒక తాపీమేస్త్రి కూడా ఉండాలి. ఇల్లు నిలుపుకున్న యజమానికి ఆస్తిపన్నులో రాయితీ ఇవ్వాలి. రోడ్డు విస్తరణలో స్థలం పోయినవారికి ఇచ్చే టీడీఆర్ బాండ్ల (వేరే చోట అదనంగా కట్టుకునే, లేదా అమ్ముకునే హక్కు పత్రాల) లాంటి సదుపాయం పాత ఇంటిని కాపాడినవారికి కూడా తిప్పలు లేకుండా చేతికి అందాలి. ఎందుకంటే ఆరు వాటాలుగా పంచుకున్న ఇంట్లో పైకప్పు కారుతుంటే, చరిత్ర కోసం ఓర్చుకోమని చెప్పే హక్కు మనకు లేదు. జిల్లా ఐటీఐలో సున్నపు పనికి ఆరు నెలల శిక్షణ పెట్టి, ఆ పని ఇంకా చేతిలో ఉన్న ముసలి మేస్త్రుల చేత నేర్పించాలి. వాళ్ళు ఎక్కువ కాలం ఉండరు. అందుకే ఇది అన్నిటికన్నా ముందు జరగాలి.

బందరు పేరే ఎక్కువగా ఎత్తాను గాని, మాట మొత్తం తీరానిది. ఒకప్పుడు దేశంలోని అతి పాత పురపాలక సంఘాల్లో ఒకటిగా ఉన్న భీమిలిలో డచ్చివారి శంకువు సమాధులు సముద్రం గాలికి నలుగుతున్నాయి. నరసాపురం దగ్గరి మాధవాయపాలెం పేరు మీద మడపోలం అన్న నూలుగుడ్డ ఐరోపా అంగళ్ళలో అమ్ముడుపోయేది. ఆ పేరు ఇప్పుడక్కడి నిఘంటువుల్లో ఉంది, మన బడిపుస్తకాల్లో లేదు. కోరంగిలో ఓడలు కట్టేవారు, అక్కడినుంచి కూలీలు బర్మా వెళ్తే తెలుగువాళ్ళందరినీ అక్కడ కోరంగీలనే పిలిచారు. 1839 నవంబరు తుఫాను ఆ రేవును తుడిచిపెట్టింది. యానాం ఫ్రెంచి ఏలుబడిలో 1954 దాకా ఉండి ఈనాడు పుదుచ్చేరి కింద ఉన్నందువల్ల, అక్కడి పాత వీధుల సంగతి పుదుచ్చేరి ప్రభుత్వమే చూడాలి. వైశ్యాళ్ వీధిని బాగుచేసినవారికి అది కొత్త పనీ కాదు.

ఒక విషయంలో అపార్థం రాకూడదు. ఓడరేవు వద్దని నేను అనడం లేదు. 1864 తర్వాత నూటయాభై ఏళ్ళకు పైగా ఆ రేవు కోసం ఎదురుచూసిన ఊరు అది, మా ఇంట్లోనే మూడు తరాలు ఆ మాట చెప్పుకున్నాయి. రేవు రావాలి, పిల్లలకు పని దొరకాలి. సరుకు దింపే ఊరికి పాత వీధి అడ్డం కాదు. కోటను, పేటలను కలుపుతూ ఒక రోజులో నడిచి చూడగల దారి వేసి, మొదట్లో తెలుగులో, తర్వాత ఇతర భాషల్లో పలకలు పెడితే, మంగినపూడికి స్నానానికి వచ్చినవారు సాయంత్రం ఊళ్ళో ఉండి, పెడనలో గుడ్డ కొనుక్కుని వెళ్తారు. తరంగంబాడిలో మేం మూడు రోజులుండి ఖర్చు పెట్టిన డబ్బు ఆ ఊళ్ళోనే, చేపలమ్మే ఆమెకూ, టీకొట్టు ఆయనకూ, గది అద్దెకిచ్చినవారికీ చేరింది.

మీ పత్రికకు ఒక మనవి. మీ జిల్లా సంచికలో వారానికి ఒక పాత ఇంటి ఫొటో వేసి, అది ఎవరు ఎప్పుడు దేనితో కట్టారో పాఠకులే రాసి పంపేలా చిన్న శీర్షిక ఒకటి నడపండి. అధికారులు జాబితా మొదలుపెట్టేలోగా సగం జాబితా మీ దగ్గరే తయారవుతుంది. నేను ఈ ఏడాది పరాసుపేటలోనూ దాని చుట్టుపక్కలా పదిహేడు ఇళ్ళకు యజమానుల అనుమతితో కొలతలు తీసి, గోడ మందం, దూలాల కట్టె, గచ్చు, కిటికీ ఊచల వివరాలతో నక్షాలు గీసి ఉంచాను. వాటిలో రెండు ఇళ్ళు నక్షా గీసిన తర్వాతే పడిపోయాయి. మిగిలిన పదిహేనింటి కాగితాలు అడిగిన ఏ అధికారికైనా, ఏ విద్యార్థికైనా ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఇంజినీరు,
కృష్ణా జిల్లా